నీళ్ళక్క లక్క వేసిన సీసాలు

బట్టలకు రంగులద్దే ఆ మిల్లులో ఆమెను అందరూ నీళ్ళక్క అనేవారు. పంతొమ్మిదేళ్ళుగా వారానికోసారి మిల్లు మురుగుకాలువ దగ్గర వంగి రెండు సీసాలు నింపడం ఆమె పని. ఒకటి పరీక్షగదికి వెళ్ళేది. రెండోదాని మూతికి లక్క వేసి, తేదీ రాసి, పంపుగది అరలో పెట్టేది. పరీక్షలో తేడా వస్తే సరిచూసుకోవడానికి పాత యజమాని పెట్టిన పద్ధతి అది. మూడేళ్ళు దాటినవి పారబోసేది. ఆయన పోయాక ఆ పద్ధతి ఆమెకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఒక విదేశీ కంపెనీ మిల్లును కొనడానికి వచ్చింది. పర్యావరణానికి చేటు చేయని మిల్లులనే కొంటారట. ఇలాంటి నియమాలు ఎక్కువగా గోడకు తగిలించుకోవడానికే పనికొస్తాయి. మేనేజరు మూడేళ్ళ నీళ్ళ నివేదికను కొత్తగా రాయించి ఆమె ముందు పెట్టాడు.

"సంతకం పెట్టమ్మా."

"నేను పట్టిన నీళ్ళు ఇవి కావు సార్."

"నీళ్ళకి మొహాలుంటాయా గుర్తుపట్టడానికి?"

"మొహాల్లేవు గానీ రంగులున్నాయిగా. ఓ వారం ఎరుపు, ఓ వారం నీలం."

వారం తిరక్కుండా ఆమెను పనిలోంచి తీసేశారు. తీసేసినట్టు రాసిన కాగితం అందుకుంటుండగా బల్లమీద నివేదిక కనబడింది. దానిమీద తన సంతకం. తను పెట్టనిది. ఉద్యోగం పోతే పోయింది, తన పేరుతో అబద్ధమాడించాడు. ఆమె ఒళ్ళు మండిపోయింది.

"పోతూ పోతూ పంపుగదిలో ఆ చెత్త కూడా పట్టుకుపో," అన్నాడు మేనేజరు, ఫోను చెవికి ఆనించుకుని.

"గేటు చీటీ రాసివ్వండి సార్. వాచ్‌మన్ ఊరుకోడు."

"ఏమని రాయను?"

"కాలువ నీళ్ళ సీసాలు, నూట యాభై ఆరు, లక్క చెదరలేదు."

ఫోనులో మాట్లాడుతూనే ఆమె చెప్పినట్టు రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టాడు.

మర్నాడు మరిది ట్రాలీ ఆటోలో ఆ సీసాలన్నీ కొనేవాళ్ళు దిగిన హోటలుకు చేరాయి, పైన చీటీతో సహా. వాళ్ళు పన్నెండు సీసాలు తీసి తమ దగ్గరే పరీక్ష చేయించుకున్నారు.

మిల్లు కొనడం మానలేదు, ధర మూడోవంతు తగ్గించి కొన్నారు. కాలువకు శుద్ధియంత్రం పెట్టారు. నీళ్ళక్కను మాత్రం పిలవలేదు. మేనేజరును పొమ్మన్నారు.

"నది కోసం చేశావని అందరూ పొగుడుతున్నారొదినా," అన్నాడు మరిది.

"నది నాకేమవుతుందిరా? ఆ మేనేజర్ని వదిలిపెట్టకూడదని చేశాను."

అతను వెళ్ళిపోయే రోజు పొద్దుటినుంచీ ఆమె మిల్లు గేటు ఎదురుగా కూర్చుంది. మధ్యాహ్నానికి మేనేజరు తన సామాను అట్టపెట్టెలో పెట్టుకుని బయటికొచ్చాడు. ఆమె లేచి ఎదురెళ్ళింది.

"గేటు చీటీ రాయించుకున్నారా సార్?"