గోడకి జరం చూసే అత్త

మా పక్కింటి అత్త పోయింది. ఆ కబురు నలుగురికీ చెప్పే పని ఆమె కొడుకు నాకు అప్పగించాడు. నా సంగతి తెలిసీ అప్పగించాడంటే ఎంత కంగారులో ఉన్నాడో చూడండి. టెక్కలిలో ఉన్న ఆమె చెల్లెలికి ఫోన్ చేస్తే, "ఇలాటివాటితో కూడా పరాచికాలేట్రా, నోరు కడుక్కో" అని పెట్టేసింది. మళ్లీ కొడుకే చేసి ఏడిస్తే గాని ఆవిడ బస్సెక్కలేదు. మా వీధిలోనే కాదు, వాళ్ల చుట్టాల్లో కూడా నా మాటకున్న విలువ అది.

అత్త నాకు చుట్టమేమీ కాదు. ఉద్దానం మనిషి. డయాలసిస్‌కి దగ్గరని కొడుకూ కోడలూ ఆవిణ్ణి పలాస తెచ్చి, మా పక్క వాటాలో దిగారు. వచ్చిన రోజే నన్ను అల్లుడా అంది. ఆడపిల్లలు లేరు కాబట్టి అలా పిలవడానికి భయం లేదంది.

మా వైపు వాళ్లకి ఈ జబ్బు గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కిడ్నీలు పాడైతే తాగే నీళ్లు కూడా కొలతే. పొద్దున్నే కోడలు ఒక చెంబు నింపి పెట్టేది. టీ, మజ్జిగ, మాత్ర మింగే గుక్క, అన్నీ ఆ లెక్కలోవే. ఉప్పు పేరెత్తకూడదు. నీళ్లు ఎక్కువైతే కాళ్లు వాచి, ఆయాసం వచ్చి, ప్రాణం మీదికొస్తుంది. ఆవిడ ముందు నీళ్లు తాగలేక ఇంట్లోవాళ్లు వంటింట్లో దాక్కుని తాగేవారు. నేను ఎదురుగానే గటగటా తాగేసేవాణ్ణి. కోడలు కొరకొరా చూసేది. అత్త మాత్రం, "ఈడొక్కడే నన్ను రోగిష్టిదాన్ని సెయ్యడు" అనేది.

ఆవిడ పడుకునే గదికి పడమటి గోడ. మధ్యాహ్నం నుంచి ఎండ కొట్టి, సాయంత్రానికి గది పెనంలా కాలేది. మిషను దగ్గర్నుంచి వచ్చి అందులో పడుకుంటే నాలుక పిడచకట్టేది. పొద్దు గుంకకముందే చెంబు అడుగంటేది. పిల్లల నుదురు చూసినట్టు, ఆవిడ చెయ్యి వెనక్కి తిప్పి గోడకి ఆనించి చూసేది.

"దీనికి జరం ఇడవలేదురా. దాహం నా గొంతులో నేదు, ఈ గోడలో ఉంది."

అందుకే గోడ మీద మొక్కలు కప్పాలంది. పెరడు లేదు, గుమ్మం దిగితే సందే. కొడుకు ఫోన్‌లో ఏదో నిలువు తోట చూపించాడు. మోటారు, పైపులు, పచ్చగా నిగనిగలాడిపోతోంది.

"నాకే సెంబుడు నీల్లు. దానికి మోటారేట్రా? నాలాగ బతికే మొక్కలు ఒట్టుకురండి" అంది.

"అలాటివి బ్రహ్మజెముళ్లే అత్తా. నీ నోటికి సరిగ్గా సరిపోతాయి" అన్నాను.

"అయ్యి కూడా ఒట్టుకురా. నీ గుమ్మం ముందు ఏస్తాను."

కలబంద, రణపాల, వామాకు, గడ్డిగులాబీ, వాళ్లనీ వీళ్లనీ అడిగి తెచ్చాం. నీళ్ల సీసాలు సగానికి కోసి, అడుగున కన్నాలు పెట్టాం. వాటిని కట్టడానికి బారువలో తెలిసినవాళ్ల దగ్గర చిరిగిన చేపల వల తెచ్చింది నేనే. పనిలో పనిగా సముద్రపు ఒడ్డున ఇసుక కూడా ఓ బస్తా నింపుకొచ్చాను. మట్టిలో కలిపితే వేరు కుళ్లదని ఎవరో అన్నారు. తెలివి ఎక్కువైతే ఇంతే. కొన్నాళ్లకే ఆకుల అంచులు కాలినట్టు నల్లబడి, ఒక్కొక్క మొక్కా చచ్చింది. అత్త వేలితో ఇసుక తీసి నాలిక్కి రాసుకుని, ఉమ్మేసి, నా వైపు తిరిగింది.

"డాకటేరు నాకు ఉప్పొద్దన్నాడని, నా వాటా మొక్కలకి ఎట్టీసినావేట్రా?"

వీధంతా నేను కావాలనే చేశానంది. ఒట్టేసినా నమ్మలేదు. కోడలు టీ ఇవ్వడం మానేసింది. అత్తే నా తరఫున మాట్లాడింది. "ఆడు కావాలని సేస్తే ఇంతకన్నా బాగా సేత్తాడు. ఇది ఒట్టి తెలివితక్కువ." ఎవరైనా నన్ను వెనకేసుకొచ్చారంటే అది ఆ ఒక్కసారే.

వలని మేడ మీద పరిచి, ఉప్పు పోయేదాకా వానలకి వదిలేశాం. ఇసుక పారేసి, నందిగాం నుంచి పశువుల గెత్తం ఎరువు తెచ్చి, కడిగిన కొబ్బరిపొట్టుతో కలిపాం. ఈసారి వలని వెదుళ్లకి కట్టి గోడకి జానెడు ఎడంగా నిలబెట్టాం. గాలి ఆడుతుంది, గోడ చెమ్మగిల్లదు. పై సీసాలో పోస్తే కన్నంలోంచి కింది దానికి, అక్కణ్ణుంచి దాని కిందికి దిగుతాయి. బియ్యం కడిగిన నీళ్లతోనే సరిపోయేది. నేను బల్ల ఎక్కి పోస్తుంటే, ఆవిడ అరుగు మీద కూర్చుని చూసేది. చెయ్యి జారి కాస్త ఎక్కువ పోశానో, "ఆపు, ఆటికీ కాల్లు వాసిపోతాయి" అనేది.

గోడ పచ్చబడ్డాక నా బుద్ధి ఊరుకోలేదు. పై వరసలో ఒక ప్లాస్టిక్ గులాబీ గుచ్చాను. అత్త చూసినట్టే లేదు. చాలా రోజుల తర్వాత పిలిచింది.

"అల్లుడా, నీ మొక్క మొగ్గేసింది, సూసినావా?"

చూస్తే దాని పక్కన ఒక ప్లాస్టిక్ మొగ్గ, దారంతో కట్టి ఉంది. కొడుకుని బల్ల ఎక్కించి కట్టించిందట. "నువ్వెట్టిన ఉప్పు తిని కూడా బతికీగలదురా అది" అంది, నవ్వకుండా.

ఈ ఎండాకాలం చెంబులో రాత్రికి కూడా నీళ్లు మిగిలేవి. వెళ్లినప్పుడల్లా మూత తీసి చూపించేది. "ఎన్ని తాగినావని కాదురా, ఎన్ని మిగిలినాయి సూడు." జబ్బు తగ్గలేదు, అది తగ్గేదీ కాదు. ఓ రోజు తెల్లారి కోడలు చెంబు నింపి లేపబోతే లేవలేదు.

దినాలయ్యాక, మొక్కలు వాడిపోతున్నాయని కోడలు నన్ను పిలిచింది. అన్నిటికీ పోశాను, గులాబీకీ మొగ్గకీ కూడా. బకెట్టు పెట్టేసి గదిలోకి వెళ్లాను. మంచం ఎత్తి ఓ మూల నిలబెట్టారు. బయట పడమటెండ ఇంకా కాస్తూనే ఉంది. చెయ్యి వెనక్కి తిప్పి గోడకి ఆనించాను.

"ఎలాగుంది?" గుమ్మంలోంచి కోడలు అడిగింది.

"జరం లేదు" అన్నాను.

నా మాట ఎవరు నమ్ముతారు? ఆమె కూడా వచ్చి, అత్త ఆనించే చోటే చెయ్యి ఆనించి చూసింది. చాలాసేపు తియ్యలేదు.