ఐరిష్ క్రమసంఖ్యల మొదటి ప్రతి

సౌదీలోని హుఫూఫ్ పట్టణ శివార్లలో, మా సైటు ఆఫీసులో డ్రాయింగుల విభాగం నాది. ఏ డ్రాయింగు ఎప్పుడు వచ్చిందో, ఎవరు తీసుకొన్నారో రాసి ఉంచడం ఉద్యోగం. సొంత విషయాలను సైతం అలాగే రాసుకోవడం నా స్వభావం. అందుకే కాబోలు, మా ఐర్లండు ఇంజనీరు తన మతిమరుపు సంగతి నాతో చెప్పారు.

ఆయన నాకన్న పెద్దవారు. యౌవనంలో తమ దేశపు ప్రాచీన భాష చదివారట. మనుషుల పేర్లు, నిన్నటి మాటలు జారిపోతున్నా ఆ భాషలో మొదటి, రెండవ అని చెప్పే క్రమసంఖ్యలు ఇంకా నిలిచి ఉన్నాయని, అవి కూడా పోకముందే రాసిపెట్టమని అడిగారు. "ఇవి చెప్పగలిగినన్నాళ్లూ నేను నేనేనన్న ధైర్యం ఉంటుంది" అన్నారు.

భోజన విరామాల్లో ఆయన చెబుతుంటే నేను తెలుగు లిపిలో రాశాను. మనకు రెండవ, మూడవ అన్న మాటలు నామవాచకానికి ముందే వస్తాయి. వారి ప్రాచీన భాషలోనూ చాలావరకు అంతే. కాని రెండవ అని చెప్పే 'తానషె' సాధారణంగా నామవాచకం తరువాత నిలుస్తుంది. 'కేద్నె' ముందుంటే మొదటి అని. వెనుక ఉంటే 'అదే' అని. నాకు ఇది ఎంతో వింతగా తోచేది.

జగిత్యాల నుంచి వచ్చిన మా సహాయకుడు మమ్మల్ని చూసి నవ్వేవాడు. "ఈ వయసుల ఇద్దరు మల్ల ఒకటో తరగతిల కూసున్నరా సార్? పలకలు కొనుక్క రావాల్నా?"

పదవ వరకు పూర్తయింది. కొన్ని వారాలకు ఆయన సవరణలతో వచ్చారు. 'తానషె' కొట్టివేయించి 'దరా' అని రాయించారు, మూడవదీ మార్చారు. నేను కొత్త ప్రతి రాసి, అలవాటు చొప్పున రివిజన్ సంఖ్య వేసి, రెండింటినీ ఒకే ఫైలులో ఉంచాను.

కొత్త రివిజన్ రాగానే పాతదాన్ని యంత్రంలో వేసి ముక్కలు చేయడం మా పద్ధతి. పాత డ్రాయింగు చూసి గోడ కడితే నష్టం. గోడలకోసం పెట్టిన నియమం అది! ఒక గురువారం మేనేజరు అల్మారాలు ఖాళీ చేయించాడు. ఏ కాగితం ఏమిటో చూడమని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

శుక్ర, శనివారాల సెలవు గడిచి ఆదివారం పనికి వచ్చేసరికి ఇంజనీరు తేటగా ఉన్నారు. కొత్త ప్రతి చదివి చిన్నబోయారు. "ఇవి చిన్నప్పుడు బడిలో నేర్పిన ఈ కాలపు మాటలు. నా తల రెండింటినీ కలిపేసింది. మొదటి కాగితం ఇవ్వండి."

ఫైలులో అది లేదు.

"పాత రివిజన్ గద సార్, మిషన్ల ఏసిన," అన్నాడు సహాయకుడు. "మేనేజర్ సాబ్ జల్ది జల్ది అన్నడు."

నేను మేనేజరు గదికి వెళ్లి గట్టిగా అడిగాను. హైదరాబాదు మనిషి, తల ఎత్తకుండానే, "అరే చాచా, ఒక్క కాగితమే కదా, ఖల్లీవల్లీ, వదిలెయ్యి" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి ఇంజనీరు కళ్లు మూసుకొని పాత మాటలను గుర్తు చేసుకొంటున్నారు. మొదటిది వచ్చింది. రెండవది నేను అందించాను. మూడవది ఇద్దరికీ రాలేదు. సహాయకుడు నొచ్చుకొని ఫోనులో వెతికాడు. "దొరికింది సార్! త్రిస్ అంట!"

"అవును, అదే అయి ఉంటుంది," అన్నారు ఆయన మర్యాదగా. పుస్తకాల్లో ఆ మాట ఉందని ఆయనకు తెలియదా? ఆయన తలలో అది నిలిచి ఉండేదనడానికి ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ మా ఆఫీసు ముక్కలు చేసింది. ఆయన హెల్మెట్ అందుకొని ఎండలోకి వెళ్లిపోయారు. మరెన్నడూ నాతో ఆ సంఖ్యల ఊసెత్తలేదు.