అడ్మిన్ అధికారం వదులుకున్న వైనం

ఒకప్పుడు ఇంద్రావతి ఒడ్డున పద్దెనిమిది ఊళ్లు మా తాతగారి మాట మీద నడిచేవి. నేను ఇనుప గనుల ఊరు బచేలిలో లారీ యజమానుల సంఘానికి కార్యదర్శిని. ఈ రెండు వాక్యాల మధ్య జరిగింది చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు.

ఖనిజం ఎత్తడానికి ఏ లారీ తరువాత ఏ లారీ పోవాలో ఆ సీరియల్ మా ఆఫీసు కంప్యూటర్లలో ఉంటుంది. అది గల్లంతైతే డ్రైవర్లందరూ తమదే ముందు నంబరంటూ జాకీ రాడ్లతో వస్తారు. ఆ సీరియల్‌నూ, ఆఫీసులోని మిగతా కంప్యూటర్లనూ తెరిచి మార్చగల అడ్మిన్ అధికారం నా కంప్యూటరుకు ఉండేది. లోకంలో నాకు మిగిలిన అధికారం అదొక్కటే.

దాన్ని తీసేయాలని ఒక అమ్మాయి వచ్చింది. మా పాత ఊళ్ల పిల్లే, ఇంజనీరింగ్ చదివి దంతెవాడలో కంప్యూటర్ల భద్రత చూస్తోంది. ఎక్కడో ఒక ఆఫీసు కంప్యూటర్లకు దొంగలు తాళం వేసి డబ్బు అడిగారని విని మా అధ్యక్షుడు భయపడి పిలిపించాడు.

"మంచి యాంటీవైరస్ పెట్టు, చాలు," అన్నాను.

"అది తెలిసిన దొంగలనే పడతది సార్. సాఫ్ట్‌వేర్ చేసినోళ్లకే ఇంకా తెల్వని కంత ఒకటి ఉంటది. జీరో డే అంటరు. దాన్ని పూడ్చకముందే దొంగ దూరుతడు. దూరినంక ఎంత దూరం పోతడో, గదొక్కటే మన చేతిల ఉంటది."

"నా గదిలోకి దొంగ రాడు."

"వస్తే మీ లెక్కనే తిరుగుతడు సార్. మీరు ఏమేం తెరుస్తరో వాడూ అవే తెరుస్తడు."

నాలా తిరగాలంటే ముందు వెన్ను నిటారుగా ఉండాలని చెప్పాను. ఆమె నా వెన్ను వైపు ఒకసారి చూసింది.

మిగతా పనులన్నీ చేసుకుపోయింది. సీరియల్ ఉన్న కంప్యూటరును వేరే లైనులో పెట్టింది. రోజూ సాయంత్రం దాని నకలు ఒక డిస్కులోకి తీసి, వైరు పీకి, బీరువాలో పెట్టించింది. ఒక సోమవారం పరీక్షకని కంప్యూటర్లన్నీ ఆపేసి కాగితం మీద లారీలు నడిపించింది. డ్రైవర్లకు తేడా తెలియలేదు. ఒకతను మాత్రం నా దస్తూరీ మెచ్చుకున్నాడు. ఇక నా కంప్యూటరు వంతు వచ్చింది. దాన్ని ఆమె ముట్టకుండా పదకొండు రోజులు నేను కుర్చీలోంచి లేవలేదు.

చివరికి అడిగాను. "నీకు మాత్రం ఆ అధికారం ఉంటుంది కదా?"

"నాకూ దినాం ఉండది సార్. పని పడితేనే తీస్త, అయినంక మూసేస్త. రోజూ నాకు ఉండేది మీ ప్యూనుకు ఉన్నంతనే."

మా ఇంటి కత్తి కూడా దసరా నాడు తప్ప పెట్టెలోంచి బయటికి వచ్చేది కాదు. దాన్ని నడుముకు కట్టుకుని కూరగాయలకు వెళ్లినవాడు మా వంశంలో లేడు. అధికారం వదులుతున్నట్టు తెల్లకాగితం మీద రాసి, సంతకం చేసి, ఆమెను నిలబెట్టి అందించాను.

"అచ్చా దొరా," అని మడతపెట్టి బ్యాగులో పెట్టుకుంది.

వారం తిరగకుండా నాకొక ఈమెయిల్ వచ్చింది. మొదట్లోనే 'ఆదరణీయ మహోదయ్' అని ఉంది. మా ఆఫీసుకు అంత మర్యాదగా ఎవరూ రాయరు. తెరిచాను. అందులోని కాగితం తెరిచాను. నా ఫైళ్లన్నిటికీ తాళం పడింది. యాంటీవైరస్ కిక్కురుమనలేదు. దొంగ దూరిన కంత సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకే అప్పటికి తెలియదని తరువాత తేలింది. దొంగ మిగతా కంప్యూటర్ల తలుపులు తట్టి చూశాడట, నాకు లేని అధికారం వాడికీ లేకపోయింది. వాడికి దొరికింది నేను టైపు చేసుకుంటున్న నలభై పేజీల మా వంశచరిత్ర. దాన్ని విడిపించడానికి పెద్ద మొత్తం అడిగాడు. మా దగ్గర డబ్బుందని నమ్మినవాడు మూడు తరాల్లో వాడొక్కడే.

లారీలు ఆగలేదు. మర్నాడు అధ్యక్షుడు శాలువా తెప్పించాడు. గోదావరి జిల్లా మనిషి, సన్మానాలంటే ప్రీతి.

"పెద్దాయన ముందుచూపుతో అధికారం వదిలేశారు కాబట్టి బతికామండీ," అన్నాడు అందరి ముందు.

అమ్మాయి తల వంచుకుంది. ఆమె నోరు విప్పదని అర్థమైంది. శాలువా మంచిదే. కానీ ఊళ్లు పోయినా మా ఇంట్లో ఎవరూ తమది కాని గౌరవం కప్పుకోలేదు.

"ముందుచూపు ఈ అమ్మాయిది. పదకొండు రోజులు అడ్డుపడ్డది నేను. ఆ ఈమెయిల్ తెరిచిందీ నేనే."

శాలువా ఎవరికి కప్పాలో తెలియక అధ్యక్షుడు చేతిమీద వేసుకుని నిలబడ్డాడు.

"అంత విప్పి చెప్పే పని లేకుండె గదా సార్," అంది ఆమె మెల్లగా. తరువాత గొంతు సవరించుకుంది. "ఇగ అధ్యక్షులవారి కంప్యూటర్ ఉంది. దానికి మొత్తం అధికారం ఉంది."

"నాది వేరండీ. నేను అధ్యక్షుణ్ణి కదా," అన్నాడాయన.

నేను ఒక తెల్లకాగితం, నా పెన్ను తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

"కూర్చోండి. ఎలా రాయాలో నేను చెబుతాను."