మూడుసార్లు కడగమన్నాను

2022 జనవరి. మిరప తోటల్లో నల్ల తామర పురుగు పూతని పట్టి పీల్చేస్తున్న రోజులు. చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే దారిలో, మా ఊరి చెరువు కట్టకి ఎదురుగా నాకు పురుగుమందుల కొట్టు ఉంది. పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ సీజన్లో పొద్దున షట్టర్ ఎత్తితే మళ్ళీ దించేదాకా తల ఎత్తే తీరిక లేదు. ఒక మందుకి చావలేదని రెండోది, రెండూ కలిపి కొట్టినా చావలేదని మూడోది. మా ఆవిడ పోయి అప్పటికి మూడేళ్ళు. ఇంటికెళితే గోడలే కాబట్టి నాకు ఆ రద్దీ అంటే ఇష్టం. రైతులు నన్ను విసిగిస్తుంటే హాయిగా ఉండేది.

మందు కొట్టే ముందు మావాళ్ళు స్ప్రేయర్ ట్యాంకులు చెరువు దగ్గరే నింపుతారు. మందు అక్కడే కలుపుతారు, ఖాళీ డబ్బా అక్కడే విసిరేస్తారు. ఎన్నాళ్ళ నుంచో ఉన్న అలవాటు. ప్రతి డబ్బా మీదా ఒక రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపైతే అన్నిటికన్నా ప్రమాదం, ఆకుపచ్చైతే కాస్త నయం. ఆ కట్ట మీద అన్ని రంగులూ దొరికేవి. వాటిలో సగానికి పైగా నా కొట్లోంచి వెళ్ళినవేనని నాకు తెలుసు. తెలిసీ ఏమీ అనలేదు. కొనేవాడికి నీతులు చెబితే పక్క ఊరి కొట్టుకి పోతాడు.

ఆ చెరువు బాగుచేద్దామని బయలుదేరింది రత్నకుమారి గారు. ఏఎన్‌ఎం‌గా పనిచేసి మా ఊళ్ళోనే రిటైరయ్యారు. ఊళ్ళో అందరికీ నర్సమ్మగారే. ఆవిడ సొంతూరు దాచేపల్లి వైపు. అక్కడ ఎవరూ మిగల్లేదట, ఇక్కడే ఒక వాటాలో అద్దెకుండేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో సగంమంది పిల్లలకి సూది వేసిన చెయ్యి ఆవిడది.

మొదటి ఆదివారం ముప్ఫైమంది దాకా వచ్చారు. ఫొటోలు, టిఫిన్లు, ఒకటే సందడి. నాలుగో ఆదివారానికి తొమ్మిదిమంది తేలారు. ప్లాస్టిక్ కవర్లూ, చింకి గోతాలూ, కొబ్బరి చిప్పలూ ఏరడం అయిపోయింది. మిగిలింది మందు డబ్బాలు. ఆ శనివారం సాయంత్రం ఆవిడ నా కొట్టుకి వచ్చారు. కౌంటర్ ముందు పదిమంది రైతులున్నారు.

"కోటేశ్వరరావు గారూ, ఆ డబ్బాలు పాత సామాను అతను తీసుకోనంటున్నాడండి, వాసనట. ఏం చేయమంటారు?"

నేను బిల్లు రాస్తూ తలెత్తకుండానే అన్నాను. "మూడుసార్లు కడిగి, అడుక్కి చిల్లు పెట్టి, గోతంలో కట్టండమ్మా. అదే పద్ధతి."

"మూడుసార్లు చాలా?"

"చాలు చాలు."

నేను అబద్ధం చెప్పలేదు. మా వృత్తిలో దాన్ని ట్రిపుల్ రిన్స్ అంటారు. కాకపోతే అది సగం మాట. మందు పూర్తవగానే రైతు డబ్బాని మూడుసార్లు తొలిపి, ఆ నీళ్ళు స్ప్రేయర్ ట్యాంకులోనే పోసి చేనుకి కొట్టెయ్యాలి. ఆ నీళ్ళలోనే ఉంటుంది విషమంతా. ఆ మిగతా సగం నా నోట్లోనే ఉండిపోయింది. చెరువు ఒడ్డున పనిచేసేవాళ్ళకి డబ్బా కడగమని చెబితే ఎక్కడ కడుగుతారు? ఊరంతా తరతరాలుగా ఏం కడిగినా ఆ రేవులోనే కదా కడిగేది!

ఆదివారం పొద్దున తొమ్మిదిమందీ రేవు మెట్ల మీద వరసగా కూర్చుని పద్ధతిగా, ఒక్కోటి మూడుసార్లు కడిగారు. కొట్లోంచి నాకు వాళ్ళ వీపులు కనబడుతూనే ఉన్నాయి. కబుర్లు చెప్పుకుంటూ పాత్రలు తోముకుంటున్నట్టే ఉంది. అయ్యో, వద్దని కేక వెయ్యాలని నాకు తట్టనే లేదు.

సోమవారం తెల్లారేసరికి రేవు దగ్గర చేపలు తెల్లగా తేలాయి. చేపల కోసం చెరువు వేలం పాడుకున్న వెంకన్న కట్టెక్కి గుండెలు బాదుకున్నాడు. గేదెల్ని నీళ్ళలోకి దించడానికి కూడా జనం భయపడ్డారు. నేనూ షట్టర్ సగం దించి వెళ్ళాను. రత్నకుమారి గారు ఒక్కరే మధ్యలో నిలబడ్డారు. ముందురోజు పక్కన కూర్చుని కడిగినవాళ్ళంతా "నర్సమ్మగారు కడగమన్నారు, కడిగాం" అనేశారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట ఏమైందన్నట్టు!

"ఎవరు కడగమన్నారమ్మా నిన్ను? నీకెవరు చెప్పారు?" వెంకన్న మీదిమీదికొచ్చాడు.

ఆవిడ ఒక్కసారి నా వైపు చూశారు. నేను చేపల వైపు చూశాను.

"నేనే అనుకుని చేశాను" అన్నారు.

ఆ క్షణం నాకు ఎంత హాయనిపించిందో చెప్పడానికి సిగ్గేస్తోంది. నా పేరు బయటికొస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళుగా మందులమ్ముతున్నవాడికి డబ్బా కడిగే సంగతి తెలియదా అంటారు. కొట్టుకి రావడం మానేస్తారు. కొట్టే లేకపోతే నాతో మాట్లాడే మనిషి ఎవరున్నారు?

ఆ తర్వాతి ఆదివారం ఎవరూ రాలేదు. ఆవిడ వచ్చారు. చేతికి గ్లవుజులు వేసుకుని, నీళ్ళ జోలికి పోకుండా కట్ట మీద చెత్త మాత్రం ఏరారు. ఆ పై ఆదివారమూ అంతే. గోతం నిండితే ఎత్తలేక, ఈడ్చుకుంటూ రోడ్డు దాకా తెచ్చేవారు. మధ్యలో రెండుసార్లు ఆగేవారు. నేను కౌంటర్ వెనక నిలబడి చూసేవాణ్ణి. రోడ్డు దాటితే ఇరవై అడుగులు. రెండు నెలల పాటు ఆ రోడ్డు దాటలేదు నేను. ఎవరైనా చెరువు మాటెత్తితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి.

మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో ఒక ఆదివారం, కొట్లో కూర్చున్న రైతు ఒకాయన ఆవిణ్ణి చూపించి, "అదుగో, చెరువుకి ఇంజెక్షన్ చేసిన నర్సమ్మ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే వినబడింది. ఛీ, ఇదేం బతుకు అనిపించింది.

లేచి, కొట్టు వాళ్ళమీదే వదిలేసి, టీకొట్టు దగ్గరికి నడిచాను. వెంకన్నా, మరో నలుగురూ ఉన్నారు. "డబ్బాలు కడగమని చెప్పింది నేను. ఆ నీళ్ళు ఎక్కడ పొయ్యాలో చెప్పలేదు. ఆవిడ తప్పేం లేదు" అని అందరికీ వినబడేలా చెప్పాను. తిట్లు పడతాయని నిలబడ్డాను. కొట్టినా సరేననుకున్నాను.

వెంకన్న నా మొహంలోకి ఒకసారి చూశాడు. "ఓస్, దీనికా ఇంత ఇదవుతున్నావ్! సీజన్లో నీకు ఊపిరాడద్దూ? నువ్వేమన్నా కావాలని చెప్పావా ఏంటి? కూర్చో కోటేశ్వర్రావ్. ఒరేయ్, ఈయనకో టీ ఇవ్వరా."

"మరి ఆవిడ మాత్రం కావాలని చేసిందా?" అన్నాను.

ఒకాయన గ్లాసులోకి చూస్తూ, "ఆవిడ మన ఊరావిడ కాదుగా" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళోనే సూదులు వేసిందావిడ.

అక్కడి నుంచి తిన్నగా కట్ట మీదికి వెళ్ళాను. ఆవిడ గోతం మూతి కడుతున్నారు. జరిగిందంతా చెప్పాను, క్షమించమన్నాను. వింటూనే ముడి వేశారు.

"ఏమన్నారు వాళ్ళు?"

"ఏమీ అనలేదమ్మా. పోనీలే అన్నారు."

"టీ ఇచ్చారా?"

"ఇచ్చారు."

ఆవిడ నడుం నిలబెట్టి చెరువు వైపు చూశారు. "రెండు నెలలుగా నేను ఆ టీకొట్టు ముందు నుంచే నడిచి వెళుతున్నానండీ" అన్నారు. గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. నేను గోతం రెండో కొస పట్టుకున్నాను, ఇద్దరం రోడ్డు దాకా మోశాం.

తర్వాతి ఆదివారం వెంకన్నతో సహా పదిమంది వచ్చారు. ఆవిడ రాలేదు. ఇంటికెళ్ళి పిలిస్తే, "మీరంతా చేస్తున్నారుగా, ఇక నా అవసరం ఏముంది" అని మర్యాదగా అన్నారు. తర్వాత రెండుసార్లు వెళ్ళి అడిగాను. అదే మర్యాద.

ఈ అనుభవం నాకు రెండు నేర్పింది. మొదటిది పనికి సంబంధించినది. ఇప్పుడు ఎంత రద్దీ ఉన్నా, డబ్బా చేతికిస్తూ తొలిపిన నీళ్ళు ట్యాంకులోనే పొయ్యమని చెప్పి, ఆ మాట వాళ్ళచేత తిరిగి చెప్పించుకుంటాను. విసుక్కుంటారు, అయినా చెప్పిస్తాను. రెండోది నేర్చుకున్నా దిద్దుకోవడానికి వీల్లేనిది. తప్పు ఒప్పుకుంటే ఒంటరివాణ్ణయిపోతానని భయపడ్డాను. తీరా చూస్తే, నేను ఒప్పుకున్న తప్పుని ఊరు పట్టించుకున్నది ఒక టీ తాగేంతసేపే. ఆ ఒంటరితనాన్ని రెండు నెలలు ఆవిడ చేత మోయించాను. ఆవిడ దాన్ని ఇంకా దించలేదు.