మా అపార్ట్‌మెంట్ గ్రైండర్లన్నీ ఒక్కసారి లేచిన ఆదివారం

ఫోన్‌లో ఒక్క మీట నొక్కి పెరంబూరులో ఒక అపార్ట్‌మెంటు మొత్తాన్ని నేను స్తంభింపజేసిన వైనం చెప్తాను. మీరు నవ్వండి, ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

చదువు ముగించి ఒక చిన్న కంపెనీలో అప్పుడే చేరాను. కరెంటుకీ మనిషికున్నట్టే నాడి ఉంటుంది, ఫ్రీక్వెన్సీ అంటారు. సెకనుకి యాభైసార్లు కొట్టుకోవాలి. ఊరంతా ఏసీలు వేస్తే అది మందగిస్తుంది. అప్పుడు ఇళ్ళల్లో గ్రైండర్లూ గీజర్లూ ఏసీలూ కాసేపు ఆగి, మిద్దె మీది సోలార్ బ్యాటరీలు లైనుకి కాస్త కరెంటు ఇస్తే నాడి కుదుటపడుతుంది. ఆ పని చేయించే పెట్టెల్ని మా అపార్ట్‌మెంట్‌లో ఇంటింటికీ నేనే బిగించాను. బాగా పనిచేస్తే నా ఉద్యోగం పర్మనెంటు. చూడ్డానికి మా ఎండీగారు, బెజవాడాయన, ఆదివారం పొద్దున వస్తానన్నారు.

ఆదివారం పొద్దున మా దగ్గర గ్రైండరు తిరగని ఇల్లుండదు. ఇంతకన్నా మంచి ముహూర్తం ఏముంటుందని పొంగిపోయాను. ఆయన రాగానే, నాడి పడిపోయిందని పెట్టెలన్నిటికీ ఫోన్‌లోంచి ఉత్తుత్తి కబురొకటి పంపాను. గ్రైండర్లన్నీ నోరు మూసుకున్నాయి. ఎండీగారి మొహం వెలిగిపోయింది. బ్యాటరీలు చూస్తానని లిఫ్టెక్కారు.

ఆయన కోసమే వడలకి రుబ్బుతున్న మా అవ్వ, చేతినిండా మినప్పిండితో గుమ్మంలోకి వచ్చింది.

"ఏందిమే సుధా, పిండి సగంలో నిలిచిపోయిండాది."

"కాసేపు ఓర్చుకో అవ్వా. దేశానికి సాయం చేస్తా ఉండాం."

"దేశం వచ్చి రుబ్బుతాదా?"

ఎంతసేపు ఆగాలన్నది అన్ని పెట్టెలకీ నేను ఒకే లెక్క పెట్టాను. ఒక్కోటీ కాస్త వెనకాముందుగా లేచేలా పెట్టమని మా సీనియర్ చెప్పినప్పుడు తలూపుతూ ఫోన్ చూసుకున్న ఘనత నాది. ఇంకేం, ఇళ్ళన్నిట్లో అన్నీ ఒకే క్షణంలో లేచి, నీళ్ళ లారీ మీద బిందెలు పడ్డట్టు కరెంటు మీద పడ్డాయి. మెయిన్ స్విచ్చి ఢామ్మని పడిపోయింది. లైను లేకపోతే మేమూ లేమని బ్యాటరీలు మొండికేశాయి.

లిఫ్టు మా అంతస్తు దాటీ దాటకుండా ఆగింది. కటకటాల్లోంచి ఎండీగారి బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

"ఏవమ్మా," బూట్ల పైనుంచి గొంతు నిదానంగా వచ్చింది. "ఫ్రీక్వెన్సీ ఇప్పుడెంతుంది?"

ఫోన్ చూసి చెప్పాను. "ఊరికి యాభై ఉంది సార్. మనకే లేదు."

బూట్లు ఒకసారి అటూ ఇటూ కదిలాయి. తర్వాత లిఫ్టు ఊగిపోయేంత నవ్వు.

అలా ఉద్యోగం నిలిచింది. మిగిలిన పిండంతా అవ్వ బాల్కనీలోని పాత రుబ్బురోట్లో నా చేతే రుబ్బించింది. ఆ రుబ్బురోలు సాక్షిగా ఒట్టు పెడుతున్నాను, ఈ జన్మలో ఏ రెండింటినీ ఒకే క్షణంలో లేపను. భోజనానికి పిలిచినా ఒక్కొక్కరికీ ఒక్కో టైము చెప్తాను. మీరొచ్చేసరికి పక్కింటివాళ్ళు చేతులు కడుక్కుంటూ కనిపిస్తే ఏమీ అనుకోకండి.