తోడల్లుడి కారులో కుదుపు

నా తెలివి వల్ల ఒకప్పుడు ఇద్దరు అక్కాచెల్లెళ్లు పదిహేను రోజులు మాట్లాడుకోలేదు. మా అత్తమ్మ కంట్లో చుక్కల లెక్క తప్పింది. ఏ పాపమూ ఎరుగని ఒక గేర్ పెట్టె సూర్యాపేటలో బల్ల మీద పేగులు బయటపెట్టుకుని పడుకుంది. ఇంత చేసినవాడు దొంగ కాదు, దుర్మార్గుడు కాదు, కేవలం యంత్రాలు తెలిసినవాడు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. మీకైతే నవ్వొస్తుంది కాబట్టి చెబుతున్నాను.

నా పేరు సైదులు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో యంత్రాల బాగోగులు చూస్తాను. ఆ రోజుల్లో నా చెవి మీద నాకు చాలా గర్వం. మిల్లు గేటు దగ్గరే నిలబడి, లోపల ఏ బేరింగ్ మూలుగుతోందో చెప్పేవాణ్ణి. చాలాసార్లు నిజమయ్యేది. నిజం కాని సందర్భాలు ఎవరికీ గుర్తుండకుండా నేనే చూసుకునేవాణ్ణి.

మా తోడల్లుడు రమణన్నది కోదాడ. నా భార్య సునీతకు అక్క అయిన అనిత వదిన భర్త ఆయన. సిమెంటు ఏజెన్సీ నడుపుతాడు. పెద్ద కారు కొంటూ పాతది మాకు ఇస్తానన్నాడు. అది ఆటోమేటిక్, గేర్లు వాటంతట అవే మారతాయి. ఇంట్లోవాళ్ల బండి, నమ్మకంగా ఉంటుందని సునీత పట్టుబట్టింది. తాళాలు నా చేతిలో పెడుతూ, వెన్నపూస మీద కత్తి పోయినట్టు పోతుందని రమణన్న మురిసిపోయాడు.

కోదాడ దాటి హుజూర్‌నగర్ రోడ్డెక్కగానే ఆ వెన్నపూస ఎలాంటిదో తెలిసింది. కారు వేగం అందుకుని, గేర్ మారబోయే సమయానికి ఒక్క కుదుపు కుదిపింది. రెండో గేర్‌కు ఒకటి, మూడో గేర్‌కు ఒకటి. మెడ మీద మొదటిసారి కాడి పెట్టిన కోడె కూడా అంత మొరాయించదు. సునీత ఒక చేత్తో పైన పిడిని పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. ఆమె ఒళ్లో వదిన కట్టిచ్చిన చేపల పులుసు డబ్బా ఉంది. నేరేడుచర్ల వచ్చేసరికి ముక్కలు డబ్బాలో, పులుసు చీర మీద ఉన్నాయి.

నేను చెవి రిక్కించి విన్నాను, తీర్పు చెప్పాను.

"గేర్ పెట్టె ఖతమైంది. మీ బావకు ఎరకే. తెలిసే మనకు అంటగట్టిండు."

"మా బావ అసొంటోడు కాదు," అంది సునీత కొంగు పిండుకుంటూ.

"మనిషి మంచోడే. బండి అమ్మేటప్పుడు మాత్రం వేరే మనిషి ఉంటడు."

ఆ మాట నాకే ఎంత నచ్చిందంటే, ఆ వారంలో మిల్లులో కనిపించిన ప్రతి ఒక్కరికీ చెప్పాను.

మొదట మా ఊరి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గేర్ ఆయిల్ పుల్ల తీసి తెల్లగుడ్డకు తుడిచి చూశాడు. నూనె ఎర్రగా ఉంది, మాడు వాసన లేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బైపాస్ దాకా తానే నడిపాడు. ఒక్క కుదుపు లేదు. నిండు గ్లాసు నీళ్లు పెట్టినా తొణికేవి కావు. తనకేమీ దొరకడం లేదని ఆయన చెబితే, ఆయన మీద నాకు జాలేసింది. పంటినొప్పి దవాఖాన మెట్లెక్కగానే తగ్గినట్టు ఈ బండికి కూడా మెకానిక్‌ను చూస్తే రోగం దాక్కుంటుందని ఓపికగా వివరించాను. ఆయన తల ఊపి షెడ్డులోకి వెళ్లిపోయాడు. నేను స్టీరింగ్ పట్టుకుని వీధి చివరికి వచ్చానో లేదో కుదిపింది. చూడ్డానికి మెకానిక్ లేడు.

మా ఊళ్లో విద్య లేదని తేల్చుకుని సూర్యాపేట పోయాను. అది మా అత్తగారి ఊరు. అక్కడ ఖాజా భాయ్ అని, ఆటోమేటిక్ బండ్లు మాత్రమే చూసే మనిషి ఉన్నాడు. స్టీరింగ్ కింద తప్పులు పట్టే మిషన్ వైరు గుచ్చి, దాని తెర ఒళ్లో పెట్టుకుని, నన్ను నడపమన్నాడు. బండి కుదిపింది. ఆయన తల కూడా ఊగింది. కానీ కళ్లు తెర మీదే ఉన్నాయి, తెర మీద ఏ తప్పూ లేదు. ఇంజన్ కింది రబ్బరు దిమ్మలు అరిగాయేమోనని అవి మార్చాడు. మళ్లీ కుదిపింది.

"కుదుపు నిజమే భాయ్. గేర్ పెట్టె తప్పయితే మిషన్ల పడాలె, పడ్తలేదు. జర ఆగుదాం," అన్నాడు.

ఆగే మనిషినైతే ఈ కథే లేదు. పెట్టె విప్పమన్నాను. విప్పాక ఏమైనా అయితే తన జిమ్మేదారీ కాదన్నాడు. కాగితం తెమ్మని దర్జాగా సంతకం పెట్టాను.

సరిగ్గా అప్పుడే మా అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయింది. కూతుళ్లిద్దరూ సూర్యాపేటలోనే ఉండి వంతులవారీగా కంట్లో చుక్కలు వేస్తున్నారు. ఆదివారం రమణన్న కూడా వచ్చాడు. అందరం భోజనాలకు కూర్చున్నాం. పప్పులో నెయ్యి వేశారు. తినేసి ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"అన్నా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. గేర్ పెట్టె పోయిందని తెలిసే ఇచ్చినవా?"

రమణన్న చెయ్యి అన్నంలో ఆగిపోయింది. "నేను నడిపినన్నాళ్లు ఎప్పుడూ కుదపలేదు తమ్ముడూ."

"గదే నేననేది. అమ్మేదాక కుదపలే."

అనిత వదిన సగం అన్నం వదిలేసి లేచి చెయ్యి కడుక్కుంది. రమణన్న కంచంలో నెయ్యి గడ్డకట్టేదాకా అలాగే కూర్చుని, తర్వాత కోదాడ వెళ్లిపోయాడు. సునీత నా వైపు చూసిన చూపుకు మిల్లు బాయిలర్ కూడా ఆరిపోయేది.

ఆ పూట నుంచి అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు. కానీ ఇల్లు ఒకటే, చుక్కల సీసా ఒకటే. అవతలామె వేసిందో లేదో తెలియాలంటే అడగాలి. అడిగితే మాట్లాడినట్టే. అందుకని ఒకరోజు ఇద్దరూ వేసేవారు, ఒకరోజు ఇద్దరూ వేసేవారు కాదు. చూపు ఎలా ఉందని నేను పరామర్శిస్తే, అత్తమ్మ నల్లద్దాల వెనక నుంచి నెమ్మదిగా చెప్పింది. "సాఫ్ కనపడ్తుంది బిడ్డా. అందరి మొఖాలు కనపడ్తున్నయ్. గదే బాధ."

అప్పుడైనా నాకు సిగ్గు వేయాల్సింది. వేయలేదు. గేర్ పెట్టె లోపలి నుంచి సాక్ష్యం బయటికొస్తుందని ఎదురుచూస్తున్నాను.

పెట్టె విప్పాక ఖాజా భాయ్ పిలిచి చూపించాడు. లోపల పళ్లెమన్న పళ్లెం పండగకు తోమిపెట్టినట్టు మెరుస్తోంది. ఒక్క గేరు పన్ను కూడా అరగలేదు. మళ్లీ అంతా బిగించి ఇచ్చాడు. నేను నడిపాను. షెడ్డు గేటు దాటకముందే కుదిపింది. ఖాజా భాయ్ స్టూలు మీద కూర్చుని, తల పట్టుకుని, వేరే ఎవరికైనా చూపించమని బతిమాలాడు.

ఈ సంగతి ఎవరు చెప్పారో గానీ మర్నాడు రమణన్న తనంతట తానే వచ్చాడు. నిష్టూరం ఆడలేదు. నన్ను కారు నడపమని, తను మా మామగారి స్కూటర్ మీద వెనకాల వస్తానని, ఏ చక్రం అదురుతుందో బయటి నుంచి చూద్దామని అన్నాడు. కోదాడ వైపు హైవే పక్క రోడ్డులో నేను ముందు, ఆయన వెనక. నాలుగైదు కుదుపులయ్యాక స్కూటర్ ముందుకు తెచ్చి చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"తమ్ముడూ, కుదిపినప్పుడల్లా వెనక బ్రేకు లైటు వెలుగుతుందేంటి?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత విజయగర్వం కలిగింది.

"అయితే వైరింగ్ గూడ పోయిందన్నట్టు. సూడన్నా, ఇంకోటి బయటపడ్డది."

బురదలో దిగబడ్డ లారీని చూసినట్టు రమణన్న నన్ను కాసేపు చూశాడు. స్కూటర్ పక్కన పెట్టి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. రోడ్డు చూడలేదు, మీటర్లు చూడలేదు. తల వంచి కింద నా కాళ్లు చూస్తూ, పోనివ్వమన్నాడు. బండి కుదిపింది.

"నీ ఎడమకాలు ఏం చేస్తుంది?"

"ఏం చేస్తదన్నా? దానికి ఈ బండిల పనే లేదు గదా. ఊకనే ఉంటది."

"ఊరికే ఉండట్లేదు. నువ్వే చూసుకో."

చూసుకున్నాను. ఇంజన్ గొంతు పెరిగి గేర్ మారే శబ్దం రాగానే, నా ఎడమకాలు నన్ను ఒక్క మాట అడక్కుండా లేచి, ముందున్న వెడల్పాటి పెడల్‌ను ఒక తొక్కు తొక్కి, ఏమీ ఎరగనట్టు వెనక్కి వచ్చి కూర్చుంది. ఇరవై ఏళ్లుగా మిల్లు జీపు నడిపిన కాలు అది. ఆ శబ్దం వింటే క్లచ్ తొక్కాలని మాత్రమే దానికి తెలుసు. ఈ బండిలో క్లచ్ లేదు. అక్కడ ఉన్నది బ్రేకు. నా గొప్ప చెవి శబ్దం పట్టుకునేది, కాలు బ్రేకు తొక్కేది, నోరు రమణన్నను దొంగ అనేది.

రమణన్న నా చేత చెప్పు విప్పించి, ఎడమకాలు మడిచి సీటు మీద పెట్టుకోమన్నాడు. పూజలో కూర్చున్నట్టు కూర్చుని ఒక్క కాలితో నడిపాను. కారు నిజంగానే వెన్నపూస మీద కత్తిలా పోయింది. ఆడలేక మద్దెల ఓడన్నది వెనకటికొకతె. ఆమె నయం, మద్దెలను కోయించి లోపల చూడలేదు.

ఆయన నవ్వి ఉంటే తట్టుకునేవాణ్ణి. నవ్వలేదు. ఇంట్లో కాలు సంగతి ఎత్తవద్దని, ఏదో వైరు వదులైందని చెబుదామని అన్నాడు. అది విన్నాక మాత్రం నాకు సీటు మీద కూర్చోబుద్ధి కాలేదు.

ఇంటికి వెళ్లగానే వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. తప్పు నాదని, అన్నను అనరాని మాట అన్నానని, క్షమించమని వదినను అడిగాను. ఆమె కూర కలుపుతున్న గరిటె ఆపి, నా ఎడమకాలి వైపు చాలాసేపు చూసింది.

"పాపం, కాలిదేముంది. అది బండినే కుదిపింది. ఇంటిని కుదిపింది కాలు కాదుగా."

వెనక నుంచి సునీత గొంతు వినిపించింది. పదిహేను రోజుల తర్వాత అక్కతో ఆమె అన్న మొదటి మాట. "అక్కా, పొద్దుగాల అమ్మకు చుక్కలు ఏసినవా?" వెయ్యలేదంది వదిన. తనూ వెయ్యలేదంది సునీత. ఇద్దరూ ఒకేసారి అత్తమ్మ గదిలోకి పరిగెత్తారు. కాసేపటికి ముగ్గురి నవ్వూ వినిపించింది. దేన్ని గురించి నవ్వుతున్నారో నేను విచారించలేదు.

తర్వాత సునీత డ్రైవింగ్ నేర్చుకుంది. ఇప్పుడు ఆ కారు ఆమెదే, నేను పక్క సీటు. కనుక మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ రోడ్ల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ బండికీ రోగం పేరు పెట్టను. ఏ మనిషినీ అన్నం ముందు నిలదీయను. ఈ ప్రమాణం నా నోటికి, నా చెవికి వర్తిస్తుంది. ఎడమకాలి తరఫున మాత్రం పూచీ ఉండలేను. మొన్న సునీత గేర్ మారేంత వేగం అందుకోగానే, పక్క సీట్లో అది లేచి నేలను గట్టిగా ఒక తొక్కు తొక్కింది. అక్కడ ఏమీ లేదు కాబట్టి సరిపోయింది.