ఏదీ దాచుకోని మా వదిన

మా వదినను బజారులో అందరూ కంట్రోల్ అక్క అంటారు. అన్నయ్యను కంట్రోల్లో పెట్టుకుందని కాదు, అది వేరే సంగతి. కోర్టు వెనక సందులో మాకొక ప్రింట్ల షాపు ఉంది. ఆమె మౌసు జోలికి పోదు. ఎడమ చేతి చిటికెన వేలు కంట్రోల్ మీద ఆనించి, మిగతా వేళ్లతో పని కానిచ్చేస్తుంది. అరవై పేజీల దస్తావేజులో ఇంటిపేరు తప్పు పడితే, నేనైతే పేజీ పేజీ వెతుక్కుంటాను. ఆమె కంట్రోల్, హెచ్ కలిపి నొక్కి, తప్పు ఒక గడిలో, ఒప్పు ఇంకో గడిలో కొడుతుంది. నలభై మూడు చోట్ల ఒకేసారి సరైపోతుంది. పదిహేనేళ్లుగా పక్కనే బైండింగ్ చేస్తున్నాను, ఇప్పటికీ నోరు తెరుచుకునే చూస్తాను.

అంతకన్నా వింత ఆమె పని ముగించే తీరు. ప్రింటుకు వచ్చినవాళ్ల చేతికి కాగితం ఇచ్చాక స్క్రీన్ వాళ్లవైపు తిప్పుతుంది. వాళ్లు చూస్తుండగానే వాళ్ల మెయిల్ లోంచి బయటికొచ్చి, షిఫ్ట్ పట్టుకుని, చెత్తబుట్టలో కూడా మిగలకుండా ఫైలు డిలీట్ కొట్టి, హిస్టరీ తుడిచేస్తుంది. "చూసుకున్నారుగా, మీది మీతోనే వచ్చేసింది" అంటుంది.

దీని వెనక ఒక దెబ్బ ఉంది. షాపు పెట్టిన కొత్తలో ఒక టీచరమ్మ రక్తపరీక్ష రిపోర్టు డెస్క్‌టాప్ మీద మిగిలిపోయింది. తర్వాత వచ్చినవాడెవడో తెరిచి నలుగురిలో పైకి చదివాడు. టీచరమ్మ మళ్లీ మా సందు తొక్కలేదు. వదినకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

కిందటేడు ఒక నర్సు డ్యూటీ బట్టల్లోనే వచ్చి ఉద్యోగ దరఖాస్తు ప్రింటు తీసుకుని వెళ్లింది. మర్నాడు పొద్దున్నే ఆమె భర్త వచ్చాడు.

"నిన్న మా ఆవిడ ఇక్కడ ఇరవై రెండు నిమిషాలు ఉంది. ఆ కాగితం నాకూ ఒకటి కావాలి."

"లేదండీ."

"కంప్యూటర్లో ఉంటుందిగా."

వదిన లేచి తన కుర్చీ చూపించింది. "కూర్చోండి. వెతుక్కోండి."

అతను డౌన్‌లోడ్లు తెరిచాడు, ఖాళీ. చెత్తబుట్ట ఖాళీ. హిస్టరీలో ఒక్క గీత లేదు.

"ఇంతమంది వస్తారు, ఎవరిదీ ఉంచుకోరా?"

"ఉంచుకుంటే, మీలాంటివాళ్లు అడిగినప్పుడు అబద్ధం చెప్పాలి. నాకది చేతకాదు."

అతను వెళ్లాక వదిన నావైపు తిరిగింది. "ఇరవై రెండు నిమిషాలని ఎలా తెలిసిందే వీడికి?" అంది.

నర్సు ఫోన్ నంబరు కూడా మా దగ్గర లేదు. బట్టల రంగును బట్టి ఆసుపత్రి పోల్చుకుని, వదిన చిటికెన వేలు నొప్పని చీటీ రాయించుకుని క్యూలో నిలబడింది. నొప్పి నిజమే పాపం. కట్టు కట్టించుకుంటూ, భర్త షాపుకొచ్చిన సంగతి చెప్పి, నర్సును మెల్లగా అడిగింది.

"నీ ఫోను ఎవరు సెట్ చేశారమ్మా?"

"మా ఆయనే అక్కా."

సెట్టింగులు తెరిచి చూస్తే, ఆమె ఎక్కడున్నదీ అతనికి కనిపిస్తోంది. ఆమె మెయిల్ అతని ఫోన్లోనూ తెరిచి ఉంది. పాస్‌వర్డ్ మరిచిపోతే కోడ్ వెళ్లేది కూడా అతని నంబరుకే. నర్సు గభాలున వేలు చాపింది.

"ఇప్పుడే ఆపకు. ఆపిన క్షణమే తెలిసిపోతుంది. రేపు ఫోను ఇక్కడే బీరువాలో పెట్టి మా షాపుకి రా" అంది వదిన.

మర్నాడు, చూసినవేవీ హిస్టరీకి ఎక్కని ప్రైవేట్ విండోలో కొత్త మెయిల్ తెరిపించింది. పాస్‌వర్డ్‌కు ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు మాటలు అనుకోమని, నర్సు టైపు చేస్తున్నంతసేపూ గోడవైపు తిరిగి నిలబడింది. కోడ్ వెళ్లే నంబరుగా నర్సు తల్లి నంబరు పెట్టించింది. దరఖాస్తులోనూ ఆ కొత్త మెయిలే రాయించింది.

నెలకు ఉద్యోగపు ఉత్తరం ఆ మెయిల్‌కే వచ్చింది. నర్సు దాన్ని మా షాపులోనే ప్రింటు తీయించుకుంది. ప్రయాణం రోజున, రైలెక్కే ముందు, నర్సు పాత మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, మిగతా ఫోన్లన్నిట్లోంచీ దాన్ని మూయించి, తానెక్కడున్నదీ అతనికి చూపించడం ఆపేసిందట. తల్లి వచ్చి చెప్పి, వదిన చేతులు పట్టుకుని కూర్చుండిపోయింది.

తల్లి వెళ్లాక అడిగాను, "నర్సుకి ఉద్యోగం ఏ ఊళ్లో వదినా?"

"చదవలేదే. ప్రింటు బోర్లించి ఇచ్చాను" అంది, తర్వాతి మనిషి ఫైలు తెరుస్తూ.

ఆ ఉత్తరానికి పిన్ను కొట్టింది నేనే. ఊరి పేరు నా కంట పడింది. మా ఇంట్లో కూడా చెప్పలేదు. ఇక్కడా రాయను.